నాలుగు గంటల ఆటలో నా వంతు ఎక్కడ?

ఈసారి వచ్చిన ఉత్తరాలలో మూడు ఒకే విషయానికి, అంటే ఆటల ప్రియులు ఒకచోట చేరి ఆడుకునే గేమింగ్ కన్వెన్షన్లలోని రోల్‌ప్లేయింగ్ ఆటలకు, సంబంధించినవి కావడంతో, మిగిలిన వాటిని వచ్చే సంచికకు ఉంచి, ఈ శీర్షికలో చోటంతా వీటికే ఇస్తున్నాము. ఈ ఆటతో పరిచయం లేని పాఠకుల కోసం ఒక్క మాట. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ అంటే బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట; అందులో ఒకరు గేమ్ మాస్టర్‌గా ఉండి కథాలోకాన్ని, అందులోని మనుషులను, ప్రమాదాలను వర్ణిస్తారు; మిగిలినవారు తలా ఒక పాత్రను తీసుకుని, తమ పాత్ర ఏం చేస్తుందో, ఏమంటుందో నోటితో చెబుతారు; ఫలితం ఎటు పోతుందో తేలనిచోట పాచికలు వేస్తారు.

ప్రశ్న: రెండేళ్లుగా స్నేహితులతో రోల్‌ప్లేయింగ్ ఆటలు ఆడుతున్నాను గాని, గేమింగ్ కన్వెన్షన్‌కు వెళ్లి అపరిచితులతో కూర్చుని ఆడడం నాకు ఇదే మొదటిసారి. కార్యక్రమాల జాబితాలో నాలుగు గంటల స్లాట్ ఒకటి చూసి పేరు నమోదు చేసుకున్నాను. నీట మునిగిన నగరంలోని గ్రంథాలయంలో దాగిన రహస్యాన్ని ఛేదించాలని, కొత్తవారు కూడా రావచ్చని, పాత్రలు అక్కడే ఇస్తారని దాని వివరణలో ఉంది. మేము ఆరుగురం ఆటగాళ్లం. నాకు ప్రాచీన లిపులు చదవగల పండితురాలి పాత్ర దక్కింది. ఆ కాగితం చేతికి రాగానే ఎంతో సంబరపడ్డాను.

గేమ్ మాస్టర్‌గారు మొదటి నలభై నిమిషాలు ఆ లోకంలోని రాజవంశాల చరిత్ర చెప్పారు. ఆ తరువాత నగర ద్వారం దగ్గర కాపలాదారులతో పోరాటం మొదలై గంటన్నర సాగింది. అంతసేపట్లో నా వంతు నాలుగుసార్లు వచ్చింది. అందులో మూడుసార్లు నా దెబ్బ తప్పిపోయింది. అసలు పోరాటం మొదలుకాకముందే, కాపలాదారుతో మాట్లాడి చూస్తానని నేను అంటే, "అది కుదరదు, వాళ్లు వినరు" అన్నారు. ఆటగాళ్లలో ఒకరు ఆయనకు ముందే పరిచయస్తులు; ఎటు వెళ్లాలో, ఎవరు ఏం చేయాలో అన్నీ ఆ ఆటగాడే తేల్చేశారు. పాత్రలు పంచుకోవడానికి, విరామానికి పోయిన సమయం పోగా, ద్వారం దాటాక పడవ కోసం వెతకడంలో మరో గంట గడిచింది. గ్రంథాలయం చేరేసరికి పదిహేను నిమిషాలే మిగిలాయి. మిగతా కథను, రహస్యంతో సహా, గేమ్ మాస్టర్‌గారు నోటితో చెప్పి ముగించేశారు. నా పండితురాలు ఒక్క అక్షరమైనా చదవలేదు. అందరితోపాటు నేనూ కృతజ్ఞతలు చెప్పి లేచాను గాని, ఆ రోజంతా మనసు చివుక్కుమంటూనే ఉంది. నేను ఎక్కువ ఆశించానా? అక్కడే ఏదైనా అని ఉండవలసిందా? మళ్లీ ఆడాలంటే దేన్ని చూసి ఎంచుకోవాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు ఎక్కువ ఆశించలేదు. గ్రంథాలయంలో రహస్యాన్ని ఛేదించాలని వివరణలో రాసినప్పుడు, ఆ స్లాట్ ఎంచుకున్నవారు గ్రంథాలయాన్ని, రహస్యాన్ని, ఛేదించే పనిని కోరుకుంటారు. ఆ మూడూ ఆటలో లేనప్పుడు కలిగే నిరాశ న్యాయమైనదే. ఆ మాట ముందుగా ఎందుకు చెబుతున్నామంటే, ఇలాంటి ఉత్తరాలు రాసేవారిలో చాలామంది తమలోనే ఏదో లోపం ఉందని, తాము సరిగా ఆడలేకపోయామని అనుకుని ఈ ఆటకే దూరమవుతారు. మీ ఉత్తరంలోని వివరాలను బట్టి చూస్తే మీరు సరిగానే ఆడారు.

జరిగినదానికి అసలు కారణం కాలం లెక్కలో ఉంది. నాలుగు గంటలంటే 240 నిమిషాలు. చరిత్ర చెప్పడానికి పోయిన నలభై నిమిషాలు అందులో సరిగ్గా ఆరో వంతు. ఇంటి దగ్గర వారం వారం ఒకే కథగా సాగే ఆటలో, అంటే క్యాంపెయిన్‌లో, రాజవంశాల చరిత్రకు ఒక పూట కేటాయించినా నష్టం లేదు, ఎందుకంటే ఆ చరిత్ర తరువాతి పది, ఇరవై సెషన్లలో ఎక్కడో ఒకచోట అక్కరకు వస్తుంది. కన్వెన్షన్ ఆటకు తరువాతి సెషన్ అంటూ ఉండదు. ఆ రోజు ఆ గదిలో ఉపయోగపడని సమాచారం మరెన్నడూ ఉపయోగపడదు కాబట్టి, చాంతాడంత ఉపోద్ఘాతానికి బదులు, కాళ్లు తడుస్తుండగా గ్రంథాలయం మెట్ల మీద నిలబడి ఉన్నారని చెప్పి ఆట మొదలుపెట్టి ఉంటే, ఆ చరిత్రలో అవసరమైనంత భాగం గోడల మీది శాసనాల రూపంలో మీ పండితురాలి ద్వారానే బయటికి వచ్చేది.

ఇక పోరాటం. తొంభై నిమిషాలలో మీ వంతు నాలుగుసార్లు వచ్చిందంటే, ఒక్కో రౌండుకు, అంటే అందరి వంతులూ ఒకసారి ముగియడానికి, ఇరవై రెండున్నర నిమిషాలు పట్టిందన్నమాట. ఆరుగురు ఆటగాళ్లు, వారికి తోడు కాపలాదారుల తరఫున గేమ్ మాస్టర్, మొత్తం ఏడు వంతులనుకుంటే, ఒక్కొక్కరికి దాదాపు మూడు నిమిషాలు. ఇది నిదానంగా సాగిన ఆట కాదు. మూడు నిమిషాలలో ఏం చేయాలో ఆలోచించి, చెప్పి, పాచిక వేసి, ఫలితం లెక్కపెట్టి, దాన్ని వర్ణించడం మామూలు వేగమే. అంటే అక్కడ ఎవరూ ఆలస్యం చేయలేదు. ఆరుగురు కూర్చున్న బల్ల దగ్గర వంతులవారీ పోరాటం పెడితే, ప్రతి ఒక్కరూ ఇరవై నిమిషాలు ఎదురుచూసి మూడు నిమిషాలు ఆడడం తప్పదు. అందుకే కన్వెన్షన్ ఆటలో పోరాటం పెట్టేముందు గేమ్ మాస్టర్ రెండుసార్లు ఆలోచించాలి.

మీ దెబ్బ మూడుసార్లు తప్పడం గురించి కూడా ఒక లెక్క చెప్పాలి. మీరు ఏ ఆట ఆడారో రాయలేదు గాని, ఇరవై ముఖాల పాచిక వేసే ఆట అనుకుందాం. యుద్ధం చేతకాని పండితురాలికి పద్నాలుగు లేదా అంతకు మించి పడితేనే దెబ్బ తగులుతుందనుకుంటే, ఒక్కోసారి తగిలే అవకాశం 35 శాతం. అలా నాలుగుసార్లు వేస్తే, ఒక్కసారి మాత్రమే తగలడం గాని అసలు తగలకపోవడం గాని జరిగే అవకాశం 56 శాతం. సగానికన్నా ఎక్కువ. కనుక మీకు జరిగినదాన్ని దురదృష్టమని అనలేము. ఆ పాత్రను ఆ పోరాటంలో నిలబెట్టిన ఎవరికైనా ఎక్కువసార్లు అదే జరుగుతుంది. పాత్రను తయారుచేసి ఇచ్చినవారే పోరాటాన్నీ తయారుచేశారు కాబట్టి, ఈ లెక్క ఆట మొదలుకాకముందే వారికి కనిపించి ఉండాలి.

ముందే తయారుచేసిన పాత్రలు ఇవ్వడం కన్వెన్షన్లలో పాత సంప్రదాయం. ఈ ఆటలలో మొదట ప్రచురితమైనది, గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్, 1974లో వెలువడింది. ఆ మరుసటి ఏడాదే, అంటే 1975లో, ఆరిజిన్స్ అనే కన్వెన్షన్‌లో గైగాక్స్ రాసిన ఒక అడ్వెంచర్‌ను, అంటే ఆడించడానికి ముందే సిద్ధం చేసిన కథను, టోర్నమెంటుగా ఆడించారు. టోర్నమెంటులో వేర్వేరు బల్లల దగ్గర ఆడినవారిని ఒకరితో ఒకరిని పోల్చాలంటే అందరికీ అవే పాత్రలు, అదే కాలపరిమితి ఉండక తప్పదు. పోటీ ఇప్పుడు చాలాచోట్ల లేకపోయినా ఆ రెండు ఏర్పాట్లు మాత్రం నిలిచాయి. వాటి వల్ల గేమ్ మాస్టర్‌కు ఒక గొప్ప సౌకర్యం ఉంది: ఏ పాత్రలు వస్తాయో ముందే తెలుసు కాబట్టి, ఒక్కొక్క పాత్ర కోసం ఒక్కొక్క ఘట్టాన్ని ముందే అమర్చుకోవచ్చు. పాత్ర కాగితం మీద ప్రాచీన లిపులు చదవగలదని రాసి ఆటగాడి చేతిలో పెట్టడమంటే, ఈ పూట నీవు ఒక లిపి చదువుతావని మాట ఇవ్వడమే. మా దృష్టిలో మీ ఆటలో జరిగిన అతి పెద్ద పొరపాటు ఇది. చరిత్ర చెప్పడం, పోరాటం సాగదీయడం వంటివి గేమ్ మాస్టర్ అనుభవం మీద తగ్గుతాయి. ఇచ్చిన పాత్రను మరిచిపోవడం మాత్రం ఎదురుగా కూర్చున్న మనిషిని మరిచిపోవడమే అవుతుంది.

కాపలాదారుతో మాట్లాడతానంటే కుదరదనడం గురించి కాస్త విడమరిచి చెప్పాలి. కన్వెన్షన్ ఆటలో గేమ్ మాస్టర్ దారిని కొంత ఇరుకు చేయడం తప్పు కాదు. నాలుగు గంటలలో ముగియవలసిన కథలో ఆటగాళ్లు నగరాన్నే వదిలి ఓడ ఎక్కి వెళ్లిపోతామంటే, దయచేసి గ్రంథాలయం వైపే రండని అడిగే హక్కు ఆయనకు ఉంది. ఆ స్లాట్‌కు పేరు ఇచ్చినప్పుడే ఆటగాళ్లు ఆ షరతుకు ఒప్పుకున్నట్లు. అయితే ఎక్కడికి చేరాలో నిర్ణయించడం వేరు, ఎలా చేరాలో కూడా నిర్ణయించడం వేరు. రెండోదాన్నే ఆటగాళ్లు రైల్‌రోడింగ్ అంటారు: రైలు పట్టాలు తప్పనట్లు ఆట ముందే వేసిన దారి తప్పదు. మీరు కథను వదిలి పోతాననలేదు, ద్వారం దాటడానికి వేరే ఉపాయం చెప్పారు. ఆశ్చర్యమేమిటంటే, ఈ ఆటల తొలి నియమాలలోనే దీనికి చోటు ఉంది. 1974 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో, ఎదురైన ప్రాణులతో మాట కలిపితే అవి ఎలా స్పందిస్తాయో రెండు ఆరు ముఖాల పాచికలు వేసి తెలుసుకునే పద్ధతి ఉండేది. తక్కువ పడితే వైరం, ఎక్కువ పడితే స్నేహం, మధ్యలో పడితే ఎటూ తేలని స్థితి. రెండు పాచికలు కలిపి వేసినప్పుడు మధ్య సంఖ్యలే ఎక్కువగా పడతాయి కాబట్టి, చాలాసార్లు ఎదుటివారు మాట వినడానికి ఆగుతారు. ఎదురైన ప్రతివారూ కత్తి దూస్తారన్నది ఈ ఆటకు పుట్టుకతో వచ్చిన గుణమేమీ కాదు.

అయితే ఆయన పక్షాన ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. కుదరదన్న మాట వెనుక చాలాసార్లు భయం ఉంటుంది. పోరాటం కోసం మ్యాప్ గీసుకుని, బొమ్మలు మోసుకొచ్చి, దాని మీదే రెండు గంటలు లెక్కవేసుకున్న గేమ్ మాస్టర్‌కు, ఆ పోరాటం ఒక్క సంభాషణతో తీరిపోతే మిగిలిన సమయం ఎలా నింపాలో తోచకపోవచ్చు. ఆయన అపరిచితుల ముందు, చాలాచోట్ల ఏ ప్రతిఫలమూ లేకుండా, నాలుగు గంటలు మాట్లాడడానికి ముందుకు వచ్చిన మనిషి అని కూడా గుర్తుంచుకోవాలి. ఇది ఆ పొరపాటును ఒప్పు చేయదు గాని, ఆయనకు మీరు చెప్పబోయే మాట ఎలా ఉండాలో నిర్ణయించడానికి పనికివస్తుంది.

నోరున్నవారిదే రాజ్యమన్నట్లు అన్నీ తానే తేల్చేసిన ఆటగాడి విషయంలో బాధ్యత ప్రధానంగా గేమ్ మాస్టర్‌దే. ఆ ఆటగాడు మాట్లాడి ముగించగానే, మౌనంగా ఉన్నవారిని వారి పాత్ర పేరుతో పిలిచి, మీ పండితురాలికి ఇక్కడ ఏం కనిపిస్తోందని అడిగితే సరిపోతుంది. ఆ ఒక్క ప్రశ్న గంటకు రెండుసార్లు వచ్చి ఉన్నా మీరు ఈ ఉత్తరం రాసి ఉండేవారు కాదు.

మీరు అక్కడే ఏదైనా అని ఉండవలసిందా అంటే, అనవచ్చు. అననందుకు మిమ్మల్ని తప్పుపట్టలేము. పరిచయం లేని ఆరుగురి మధ్య ఫిర్యాదు చేయడం ఎవరికైనా కష్టమే. కాని ఫిర్యాదుకు, కోరికకు తేడా ఉంది. విరామ సమయంలో గేమ్ మాస్టర్ దగ్గరికి వెళ్లి, నా పాత్ర లిపులు చదవగలదు, రెండో సగంలో ఆ నైపుణ్యం వాడే అవకాశం ఒక్కటి దొరికితే చాలా ఇష్టం అని చెబితే, అది ఆయన ఆటను తప్పుపట్టినట్లు కాదు, ఆయనకు దారి చూపినట్లు. చాలామంది గేమ్ మాస్టర్లు ఆ మాటను సంతోషంగా అందుకుంటారు, ఎందుకంటే ఆటగాళ్లకు ఏం కావాలో ఊహించడమే వారికి అన్నిటికన్నా కష్టమైన పని. ఆట ముగిశాక కూడా చెప్పవచ్చు. అప్పుడు ఆట బాగాలేదని మొత్తంగా కాకుండా, పండితురాలి పాత్ర బాగా నచ్చిందని, ఆమెకు చదవడానికి ఏదీ దొరకకపోవడం వెలితిగా అనిపించిందని ఆ ఒక్క విషయమే చెప్పండి. ఆయన అదే అడ్వెంచర్‌ను మరుసటి పూట మరో ఆరుగురితో ఆడించబోతూ ఉండవచ్చు. మీ మాట వారికి ఉపకరిస్తుంది. నిర్వాహకులు అభిప్రాయ పత్రం ఇస్తే అందులోనూ వివరణకు, ఆటకు మధ్య ఉన్న తేడా రాయండి.

ఇక ఎంపిక. మీ ఉత్తరం చదివితే మీకు పోరాటం కన్నా పరిశోధన ఇష్టమని తెలుస్తోంది కాబట్టి, వివరణలో కథ కన్నా ముందు ఆట పేరు చూడండి. నియమాల పుస్తకంలో సింహభాగం పోరాటానికే కేటాయించిన ఆటలో గేమ్ మాస్టర్ ఎంత మంచివారైనా పోరాటం వైపు ఒరుగుతారు. 1981లో వెలువడిన కాల్ ఆఫ్ కతుల్హు వంటి ఆటలలో పాత్రలు యోధులు కారు, ఆధారాలు వెతికే మామూలు మనుషులు. అక్కడ గ్రంథాలయంలో వెతకడానికే ప్రత్యేకంగా ఒక నైపుణ్యం ఉంది, దాన్ని శాతాల పాచికలతో, అంటే ఒకటి నుంచి వంద దాకా సంఖ్య వచ్చేలా వేసే పాచికలతో, పరీక్షిస్తారు. మీరు కోరుకున్న గ్రంథాలయం ఆ ఆటలో నియమాల లోపలే ఉందన్నమాట. ఒక్కరి మాటే చెల్లడం మిమ్మల్ని ఎక్కువగా బాధించి ఉంటే, 2009లో వచ్చిన ఫియాస్కో వంటి ఆటకు పేరు ఇవ్వండి. అందులో గేమ్ మాస్టర్ ఉండరు, ప్రతి ఆటగాడి చుట్టూ వంతులవారీగా ఘట్టాలు నడుస్తాయి కాబట్టి ఎవరి వంతూ ఎగిరిపోదు. ఆటగాళ్ల సంఖ్య కూడా చూడండి. ఆరుగురికి బదులు నలుగురే ఉన్న బల్ల దగ్గర, అదే మూడు నిమిషాల వేగంతో, మీ వంతు పావుగంటకే తిరిగి వస్తుంది.

ప్రశ్న: కన్వెన్షన్‌లో ఒక ఆటకు కూర్చున్న గంటకే అది నాకు నచ్చదని అర్థమైంది. మధ్యలో లేవడం మర్యాద కాదనుకుని చివరిదాకా ఉన్నాను. ఒక ఘట్టంలో హింసను వర్ణించిన తీరు కూడా నాకు చాలా ఇబ్బంది కలిగించింది. లేచి వెళ్లవచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: వెళ్లవచ్చు. కేవలం నచ్చకపోవడమే కారణమైతే విరామం దాకా ఆగి, గేమ్ మాస్టర్‌కు చెప్పి వెళ్లడం మంచిది. చెప్పకుండా మాయమైతే మీ పాత్ర మీద ఆధారపడిన మిగతావారి ప్రణాళిక చెడుతుంది. చెప్పి వెళితే ఆయన మీ పాత్రను కథలో ఎక్కడో ఒకచోట గౌరవంగా ఆపుతారు. వర్ణన మిమ్మల్ని బాధిస్తున్నప్పుడు మాత్రం విరామం కోసం ఆగనవసరం లేదు, కారణం చెప్పనవసరమూ లేదు. దీనికోసమే 2013లో జాన్ స్టావ్రోపౌలోస్ ఎక్స్ కార్డ్ అనే పద్ధతిని ప్రతిపాదించారు: ఎక్స్ గుర్తు వేసిన ఒక కార్డు బల్ల మధ్యలో ఉంటుంది, ఎవరైనా దాన్ని ముట్టుకున్నా, పైకెత్తినా ఆ అంశాన్ని కథలోంచి తీసేసి ముందుకు సాగుతారు, ఎందుకని అడగరు. చాలా కన్వెన్షన్లలో ఇది వాడుకలో ఉంది. మీరు కూర్చున్న బల్ల మీద లేకపోతే, ఆట మొదట్లోనే అలాంటిది పెట్టుకుందామా అని అడగండి.

ప్రశ్న: మీకు ఉత్తరాలు రాసేవారు ఎక్కువగా ఆటగాళ్లే అయి ఉండవచ్చు, నేను మాత్రం అవతలి వైపు మనిషిని. మా స్నేహబృందం కోసం మూడేళ్లుగా రాస్తున్న పెద్ద కథలోంచి మొదటి అధ్యాయాన్ని తీసి కన్వెన్షన్‌లో ఆడించాను. మా బృందానికి అది ఎంతో ఇష్టం. ఇక్కడ మాత్రం రెండో గంట నుంచి ఇద్దరు ఫోన్లు చూసుకోవడం మొదలుపెట్టారు, ఒకరు విరామం తరువాత తిరిగి రాలేదు. ఆ దృశ్యం కళ్లముందు నుంచి పోవడం లేదు. లోపం ఎక్కడ జరిగింది?
– ఒక గేమ్ మాస్టర్

జవాబు: మీ బాధను మేము తేలికగా తీసుకోవడం లేదు, మూడేళ్లు ప్రేమగా రాసుకున్నదాన్ని అపరిచితుల ముందు పెట్టి, వారి కళ్లలో విసుగు చూడడం కంటే కష్టమైన అనుభవం ఈ ఆటలో లేదు. మీ కథ బాగాలేదని కూడా అనుకోవడం లేదు. మొదటి అధ్యాయం పని ప్రశ్నలు లేవనెత్తడం, వాటికి సమాధానాలు రావడానికి మీ బృందానికి మూడేళ్లు ఉన్నాయి. ఆ అపరిచితులకు నాలుగు గంటలే ఉన్నాయి. మీ బృందం నవ్వినచోట వారు నవ్వకపోవడానికీ అదే కారణం; మీ స్నేహితులు ఆ పాత్రలను తామే సృష్టించుకున్నారు, వీరికి అవి అరగంట క్రితం చేతికి వచ్చిన కాగితాలు.

వచ్చేసారి ఆ పెద్ద కథలోంచి మొదటి అధ్యాయానికి బదులు, మీకు అన్నిటికన్నా ఇష్టమైన ముగింపు ఘట్టం ఒకటి తీసుకుని, దానికి ముప్పావు గంట కేటాయించి, అక్కడి నుంచి వెనక్కి రాసుకుంటూ రండి. దాన్ని చేరడానికి తప్పనిసరి అయిన ఘట్టాలు రెండో మూడో ఉంటాయి. అవి మాత్రం ఉంచండి. ఆరు పాత్రల కాగితాలు పక్కన పెట్టుకుని, ప్రతి కాగితంలో అన్నిటికన్నా విశేషమైన నైపుణ్యం ఏ ఘట్టంలో పనికివస్తుందో పెన్సిల్‌తో రాయండి. ఏ ఘట్టమూ దొరకని పాత్రను మార్చండి లేదా తీసేయండి. పోరాటం పెట్టాలనుకుంటే ఒక్కటే పెట్టండి, శత్రువులు సగం మంది పడగానే మిగిలినవారు పారిపోవచ్చని, లొంగిపోవచ్చని ముందే నిర్ణయించుకోండి. మీ బృందంతో ఒకసారి గడియారం పెట్టుకుని ఆడి చూడండి గాని, వారికి మీ లోకం ముందే తెలుసు కాబట్టి వారికి మూడు గంటలు పడితే కొత్తవారికి నాలుగు పడతాయని లెక్కవేయండి.

ఆ రోజు బల్ల దగ్గర గడియారాన్ని మీకు కనిపించేలా పెట్టుకోండి. రెండు గంటలు ముగిసేసరికి కథ సగానికి రాకపోతే మధ్యలోని ఘట్టాన్ని నిర్దాక్షిణ్యంగా వదిలేయండి. మొదటి ఉత్తరంలోలాగా పడవ కోసం వెతకవలసి ఉంటే పడవ ఒడ్డునే కట్టి ఉందని చెప్పండి. వదిలేసిన ఘట్టం ఉందని ఆటగాళ్లకు తెలియదు, దాని లోటు మీకు తప్ప ఎవరికీ కనిపించదు. ఎవరైనా ఫోన్ తీసినప్పుడు నొచ్చుకోకుండా, వారి పాత్రను ఉద్దేశించి ఒక ప్రశ్న వేయండి. విరామానికి లేచేముందు, రెండో సగంలో మీ పాత్ర ఏం చేస్తే మీకు ఇష్టమని ఒక్కొక్కరినీ అడిగి, జవాబులు కాగితం మీద రాసుకోండి. పది నిమిషాల విరామంలో మీరు సిద్ధం కావడానికి ఆ కాగితమే సరిపోతుంది.